జాన్ ఉల్మను చరిత్రము

భగవత్సన్నిధిని గోరువారిలో గొందఱు ఏకాంతమును, గొందఱు ప్రార్థనమును, గొందఱు గ్రంథపఠనమును సాధనములుగా నెంచుదురు. ఇవి యన్నియు మేలైనవే. కాని మనస్సాక్షి సూచించిన ధర్మమును నష్టమున కోర్చి యాచరింపనివానికి ఇవి ఫలింపవని తన జీవితముచే జూపిన యొక క్రైస్తవ భక్తుని చరిత్రమును చదువరుల కిచ్చట నివేదించుచున్నాము.

జాన్ ఉల్మను 1720వ సంవత్సరమున, నాడు ఆంగ్లేయుల వలససీమగా నుండిన న్యూజెర్సీయందు, క్వేకరు సంఘమువారగు కృషీవలుల యింట జన్మించెను. ఆనాటి క్వేకరుల ప్రార్థనసభలో పురోహితుడు లేడు, కర్మకలాపము లేదు. అందఱును మౌనముగా గూర్చుండి, తమ హృదయములందు వెలుగు దైవజ్యోతికై వేచియుందురు. బాల్యమున ఉల్మను ఆటగా ఱాళ్లు రువ్వి, గూటియొద్ద నున్న తల్లిపక్షి నొకదానిని జంపెను. పిదప తల్లిలేని పిల్లలు ఆకలిచే గృశించి చచ్చునని తోచి, చెట్టెక్కి వానినిగూడ జంపెను. ఆ క్రూరకార్య మాయన మనస్సును మిక్కిలి కలచివైచెను. సర్వప్రాణులయెడ దయను ప్రబోధించు శక్తిని దేవుడు మానవుని యంతరంగమున నుంచెనని ఆయన దానివలన గ్రహించెను.

యౌవనమున మౌంటు హోలీయందలి యొక దుకాణమున గుమాస్తాగా నుండగా, యజమానుడు తన నల్లజాతి దాసిని విక్రయించి, విక్రయపత్రమును వ్రాయుమని యాజ్ఞాపించెను. కొనువాడు వృద్ధుడు, క్వేకరు సంఘమువాడే. దాస్యము క్రైస్తవధర్మమునకు విరుద్ధమని వారిరువురి యెదుట జెప్పియు, ఉల్మను పత్రమును వ్రాసి యిచ్చెను. చెప్పియు వ్రాసితినను బాధ యాయనకు దీఱలేదు. అటుపిమ్మట నొక యువకు డట్టి పత్రమునే కోరగా నిరాకరించెను. మఱియొకప్పుడు, గాయపడిన పొరుగువాని మరణశాసనమును వ్రాయుచు, దాసి విషయమును మాత్రము విడిచి, వ్రాతకూలిని పుచ్చుకొనక, కారణమును మృదువుగా విన్నవించెను. సంభాషణానంతరమున నాతడు దాసికి స్వేచ్ఛ నొసగుట కంగీకరించెను.

ఉల్మను స్వంతముగా బెట్టిన వ్యాపారము వృద్ధి యగుచుండెను. లాభముతోపాటు చిత్తవ్యాకులతయు బెరుగుట గని, కొనవచ్చినవారిని ఇతర దుకాణములకు బంపుచు దానిని క్రమముగా మానివైచి, కుట్టుపనితోను పండ్లతోటతోను జీవించెను. 1754లో దాస్యమును ఖండించుచు నొక చిన్న గ్రంథమును ప్రకటించెను. 1757లో దక్షిణసీమలలో సంచరించునపుడు, అతిథిగా నున్న యిండ్లలో తనకు బరిచర్య చేసిన దాసులకు వేతనము ముట్టునట్లు చూచెను. దాసుల యజమానులను దూషింపక, వారి యాత్మక్షేమమునకై దుఃఖించుచు మాటలాడెను. 1758లో ఫిలడెల్ఫియా వార్షికసభలో ఆయన విన్నపము ఫలించి, బానిసలు గల సభ్యుల యిండ్లకు బోయి బోధించుటకు గొందఱు నియమింపబడిరి. వారిలో నాయనయు నొకడు.

దాసుల శ్రమచే బుట్టిన చక్కెరను ఆయన విసర్జించెను. రంగు వేయని వస్త్రములను ధరించెను. మిత్రులు సైత మది వింతగా జూచిరి. 1772లో ఇంగ్లండునకు బోవుచు, అలంకృతమైన గదిని వదలి నావికులు వసించు భాగమున బ్రయాణించెను. అచ్చట బండిగుఱ్ఱములును, తపాలా బాలురును పడు హింసను విని, కాలినడకనే సంచరించెను. యార్కు నగరమున మశూచికము సోకి, ఆ యేటి అక్టోబరు 7వ తేదిని దేహము చాలించెను. 1776లో ఫిలడెల్ఫియా క్వేకరులు బానిసలను విడువనివారిని సంఘమునుండి తొలగింప నిశ్చయించిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములన్నిటను దాస్యము శాసనముచే రద్దగుట 1865లో గాని జరుగలేదు.

ఉల్మనునకు సత్యమంతయు నొక్కనాడే గోచరింపలేదు. తోచిన ధర్మము నాచరించిన పిదపనే తరువాతి ధర్మ మాయనకు స్పష్టమయ్యెను. దైవసామీప్యమున నాయన యభివృద్ధి యిట్లు మెట్టుమెట్టుగా జరిగినదని మేము తలంచుచున్నాము. చదువరులారా, మనస్సు వలదనుచుండగా మనము నిత్యము వ్రాసి యిచ్చుచున్న పత్ర మేదియో యెవరికి వారు విచారించుకొందురుగాక. దానిని నిరాకరించుటతోనే మన సాధన మారంభింపవలెను.