తల్లుల గురువు ఫ్రోబెల్

మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను పిల్లల చదువును గురించి ప్రసంగించే ప్రతివారూ ఏదో ఒక సందర్భంలో వాడుతూనే ఉంటారు. ఆ సామెతలో మొక్క ఉన్నది గాని, దానిని చూసే కన్ను తోటమాలిది కాదు, వంచేవాడిది. పసిబిడ్డను మొక్కతోనే పోల్చి, వంచే మాట పక్కన పెట్టి, నేల, నీరు, ఎండ సమకూర్చి ఓపికతో కనిపెట్టుకొని ఉండమని బోధించిన మహనీయుడు ఒకడు జర్మనీ దేశంలో ఉండేవాడు. ఆయన పేరు ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. నేడు వీధివీధినా వినిపించే కిండర్‌గార్టెన్ అనే మాట ఆయన కల్పించినదే. జర్మన్ భాషలో దానికి పిల్లల తోట అని అర్థం. ఎల్.కె.జి., యు.కె.జి. అని మనం ముద్దుగా పలికే పేర్లలో దాగి ఉన్నది ఆ తోటే. పేరు మన నోట నిలిచింది గాని, ఆ తోటలో ఆయన ఏమి నాటదలచాడో మనలో చాలమందికి తెలియదు. బడి ఈడు రాని, ఇంట్లో తప్పటడుగులు వేసే బిడ్డకు ఆటే చదువని ఆయన ఎట్లా గ్రహించాడో, అందుకు ఎన్ని అవమానాలు పడ్డాడో తెలుసుకోవడం మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు అవసరమని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తురింజియా అడవుల నడుమ ఉన్న ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామంలో 1782 ఏప్రిల్ 21న ఫ్రోబెల్ జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. మంచివాడే గాని విశాలమైన పరగణా బాధ్యతలతో ఇంటిపట్టున ఉండడానికి తీరిక లేనివాడు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండేసరికి తల్లి కన్నుమూసింది. కొంతకాలానికి సవతి తల్లి వచ్చింది. మొదట ఆమె ఆ పసివానిని అక్కున చేర్చుకున్నది. తనకొక కుమారుడు కలిగిన తరువాత మాత్రం ఆమె మనస్సు మారిపోయింది. అంతవరకు చనువుగా నువ్వు అని పిలుస్తున్న పిల్లవానిని పరాయివానితో మాట్లాడే ప్రథమ పురుషలో సంబోధించడం ప్రారంభించింది. జర్మన్ భాషలో ఆనాడు ఆ మర్యాద వెనుక చల్లని దూరం ఉండేది. నువ్వు, మీరు, తమరు అనే మాటల తేడా ఎరిగిన మనకు, తూ, ఆప్ అనే మాటల తేడా ఎరిగిన మన ఉర్దూ సోదరులకు ఆ పసివాని గుండెలో ఏమి తెగిందో వేరే చెప్పనక్కరలేదు. ముసలితనంలో కూడ ఆయన ఆ ఒక్క మాట మార్పును మరచిపోలేదు.

తండ్రి చదువు చెప్పబోయి, వీడు మందమతి అని విసిగి, ఊరిలోని ఆడపిల్లల బడిలో చేర్చాడు. పదేళ్ల వయస్సులో మేనమామ హోఫ్‌మన్ తన ఇంటికి తీసుకొనిపోయిన తరువాతనే ఆ బాలునికి ఆటలంటే ఏమిటో, తోటిపిల్లలంటే ఎవరో తెలిసింది. తల్లి ఒడిలో ఆడవలసిన ఆటలు తనకు దక్కలేదన్న వెలితి ఆయనను జీవితాంతం వెన్నాడింది. ఆ వెలితియే ఆయన పరిశోధనకు మూలమని మా అభిప్రాయం.

తరువాతి ఇరువదేండ్లు ఆయన ఏ ఒక్క పనిలోనూ కుదురుగా నిలవలేదు. అటవీ అధికారి దగ్గర రెండేండ్లు శిష్యరికం చేశాడు. యేనా విశ్వవిద్యాలయంలో చేరి, ముప్పది తాలర్ల అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు విశ్వవిద్యాలయపు చెరసాలలో గడిపాడు. భూముల కొలతలు నేర్చాడు, లెక్కలు రాశాడు, భవన నిర్మాణం నేర్చుకుందామని 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. అక్కడ ఒక పాఠశాల అధిపతి ఆయనను చూసి ఉపాధ్యాయుడుగా రమ్మన్నాడు. తరగతి గదిలో అడుగుపెట్టిన నాడే నీటిని చేరిన చేప వలె ఆయన తన తావు తెలుసుకున్నాడు. ఆ సంవత్సరమే స్విట్జర్లాండులో ఇవెర్దాన్ నగరానికి పోయి సుప్రసిద్ధ విద్యావేత్త పెస్తలోజీని దర్శించాడు. 1808 నుండి రెండేండ్లు తన శిష్యులైన ముగ్గురు బాలురతో అక్కడనే ఉండి ఆయన పద్ధతులను గమనించాడు.

బెర్లినులో వైస్ అనే ఆచార్యుని వద్ద స్ఫటికాల శాస్త్రం చదివాడు. పైకి చూస్తే పసిపిల్లలకూ స్ఫటికాలకూ సంబంధమేమున్నది? ఆయనకు మాత్రం కనిపించింది. రాయి కూడ తనలోని ఒక నియమాన్ని అనుసరించి లోపలినుండి వెలుపలికి రూపు దిద్దుకుంటుంది. బిడ్డ ఎదుగుదల కూడ అట్లాంటిదేనని ఆయన నమ్మాడు. 1813లో నెపోలియన్‌పై యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లి, ఆ సేనలో మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు మిత్రులను సంపాదించాడు. ఆయన జీవితంలో తరిగిపోని ఆస్తి ఆ స్నేహమే.

సైనికులకు పరిచర్య చేస్తూ జ్వరం సోకి అన్న క్రిస్టోఫ్ మరణించగా, అతని పిల్లలు తండ్రి లేనివారైనారు. ఆ వార్త ఫ్రోబెల్‌ను నిలువనీయలేదు. బెర్లిను ఖనిజ ప్రదర్శనశాలలోని ఉద్యోగం వదులుకొని 1816లో గ్రీస్‌హైమ్ గ్రామం చేరి, ఐదుగురు అన్నదమ్ముల బిడ్డలతో బడి పెట్టాడు. మరుసటి యేడు అది కైల్‌హౌ గ్రామానికి మారింది. మిత్రులిద్దరూ వచ్చి కలిశారు. 1818లో విల్‌హెల్మినె అనే విదుషిని వివాహమాడాడు. 1826లో మానవ విద్యను గురించిన తన ప్రధాన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆదర్శాలకు కొదువలేదు గాని జమాఖర్చులలో ఆయన శూన్యుడు. అప్పులు పెరిగాయి, పాలకులకు అనుమానాలూ పెరిగాయి. 1831లో స్విట్జర్లాండు పోయి అక్కడ కూడ పాఠశాలలు స్థాపించి, 1835లో బుర్గ్‌డోర్ఫ్ పట్టణంలోని అనాథాశ్రమ బాధ్యత వహించాడు.

ఆయన ఆలోచన మలుపు తిరిగింది బుర్గ్‌డోర్ఫ్‌లోనే. బడికి వచ్చే నాలుగైదేండ్ల పిల్లలు అప్పటికే ఎంతో కోల్పోయి వస్తున్నారని ఆయన గమనించాడు. కండ్లుండీ పరిశీలించరు, చేతులుండీ నిర్మించరు. తొలి మూడేండ్లలో వారితో ఆడినవారు లేరు. బడిని ఎంత బాగుచేసినా ఆ లోటు పూడదనీ, చదువు మొదలయ్యే చోటు బడికి చాలా ముందే ఉన్నదనీ ఆయనకు తేలిపోయింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. భార్య ఆరోగ్యం చెడినందున 1836లో జర్మనీకి తిరిగివచ్చి, 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊరిలో పసిపిల్లల ఆటవస్తువులు తయారుచేసే సంస్థను నెలకొల్పాడు.

ఆ వస్తువులను ఆయన కానుకలు అన్నాడు. మొదటి కానుక ఆరు ఉన్నిబంతులు: ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, నీలం, ఊదా. ఒక్కొక్క బంతికి ఒక దారం. దీనిని కొద్ది నెలల బిడ్డకే ఇవ్వవచ్చును. తల్లి దారం పట్టుకొని బంతిని ఊపుతుంది, పైకెత్తుతుంది, దించుతుంది, గుప్పిట్లో దాచి మళ్లీ చూపుతుంది. ఊపిన ప్రతిసారీ ఆ కదలికకు తగిన మాట కూడ పలుకుతుంది. ఉన్నది, లేదు, మళ్లీ వచ్చింది అనే మూడు విషయాలు బిడ్డకు ఆ విధంగా కంటితో, చెవితో, చేతితో ఏకకాలంలో తెలుస్తాయి. మన ఇళ్లలో అమ్మమ్మలు కొంగుచాటున ముఖం దాచి ఆడించే దోబూచిలో ఉన్నది ఈ శాస్త్రమే. ఎవరూ వారికి నేర్పలేదు.

రెండవ కానుక కొయ్యతో చేసిన గోళం, ఘనం. తరువాత ఈ రెంటి నడుమ స్తూపం చేరింది. గోళం దొర్లిపోతుంది, ఘనం కూర్చుంటుంది, స్తూపం రెండూ చేస్తుంది. దారం కట్టి ఘనాన్ని గిరగిర తిప్పితే అందులో స్తూపం కనిపిస్తుంది. బిడ్డ ఆశ్చర్యపోతాడు, నిజానికి పెద్దవారమూ ఆశ్చర్యపోతాము. మూడవ కానుక రెండంగుళాల ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసి పెట్టెలో అమర్చినది. పెట్టెను బోర్లించి, మూత లాగి, పెట్టెను పైకి తీస్తే ముక్కలన్నీ కలిసిన నిండు రూపం ముందుగా దర్శనమిస్తుంది. ఆ తరువాతనే విడదీయడం. ఆ ముక్కలతో కుర్చీ కావచ్చు, బావి కావచ్చు, ముగ్గువంటి అందమైన అమరిక కావచ్చు. ఒకటి కట్టిన తరువాత దానిని కూలదోయకుండా, ముక్కలను కొద్దికొద్దిగా జరుపుతూ మరొకటి కట్టాలి; ఒక్క ముక్కను కూడ వృథాగా పక్కన పెట్టరాదు. కూలదోయడంలోని ఆనందం కూడ పసివారి హక్కేనని మాకు తోస్తుంది. ఈ నియమంలో ఫ్రోబెల్ కొంచెం ఎక్కువ కఠినుడైనాడు.

1840 జూన్ 28న బ్లాంకెన్‌బుర్గ్‌లో కిండర్‌గార్టెన్ లాంఛనంగా ప్రారంభమైంది. అచ్చు యంత్రాన్ని నిర్మించిన గూటెన్‌బర్గ్ పేర జరిగిన నాలుగు వందల యేండ్ల ఉత్సవాలలో అది ఒక భాగం. అక్కడ ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక తోట ఉండేవి. సంస్థ నిర్వహణకు జర్మన్ స్త్రీలు పది తాలర్ల వాటాలు కొనాలని ఆయన కోరాడు. కొన్నవారు కొద్దిమందే. అంతకు ముందు సంవత్సరమే, 1839లో, ఆయన భార్య మరణించింది.

ఫ్రోబెల్ రచనలలో మనకు అన్నిటికన్న ఆత్మీయమైనది 1844లో వెలువడిన తల్లి పాటల, లాలి ఆటల పుస్తకం. ఇది బడికోసం రాసినది కాదు. ఇంటిలోని తల్లి చేతికి ఇచ్చినది. ఒక్కొక్క ఆటకు ఒక పాట, ఒక బొమ్మ, తల్లికి ఒక వివరణ. పక్కమీద పడుకొని కాళ్లు తాటించే బిడ్డ పాదాలకు తల్లి తన అరచేతులు ఆనిస్తుంది. బిడ్డ తన్నుతాడు, తల్లి ఎదురు నెట్టుతుంది. ఆ తన్నులు నూనెగింజలను నలగగొట్టే యంత్రపు దెబ్బలట. ఆ నూనె ఎందుకు? రాత్రి బిడ్డకోసం మేల్కొని ఉండే తల్లి దీపానికి. మరొకచోట చేయి గాలి దిక్కు చూపే కోడిబొమ్మ వలె తిరుగుతుంది. ఇంకొకచోట వ్రేళ్లు పావురాల గూడై తెరుచుకొని మూసుకుంటాయి. రొట్టె తట్టే ఆటలో రొట్టెనుండి పిండికి, పిండినుండి ధాన్యానికి, ధాన్యంనుండి వాన ఎండలకు, వాటిని ప్రసాదించిన సృష్టికర్తకు బిడ్డ ఊహ నడుస్తుంది.

చప్పట్లు కొట్టించడం, తారంగమాడించడం, కాళ్లమీద కూర్చోబెట్టుకొని ఊపడం మన తెలుగునేలకు కొత్తవి కావు. ముస్లిం ఇండ్లలో నానీలు, దాదీలు ఆడించే ఆటలూ ఇటువంటివే. మన ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక జరిపే ఆచారం ఉన్నది. హిందూ సోదరులకు అక్షరాభ్యాసం ఉన్నది. పలకకు ముందు బిడ్డకు కొంత కాలం విడిచిపెట్టాలని మన పెద్దలు ఎరుగుదురు. ఆ కాలాన్ని మనమే నేడు కుదించివేస్తున్నాము. మూడేండ్లు నిండని బిడ్డచేత అక్షరాలు దిద్దించి, అతిథుల ముందు అంకెలు అప్పగింపజేసి మురిసిపోతున్నాము. లేదా అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చి ఊరుకుంటున్నాము. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు ఆటపాటలతోనే బోధన జరగాలని చెప్పినది. మూడేండ్ల లోపు మాట మాత్రం ఇంటిదే. అందుకు ఖరీదైన పెట్టెలు కొననక్కరలేదు. రొట్టెలు చేసే తల్లి గుప్పెడు పిండి ముద్ద పక్కన పెడితే చాలును. మూతలున్న గిన్నెలు, నోట పట్టనంత పెద్ద బంతి, పాత నడకబండి, అన్నిటికీ మించి పక్కన కూర్చొని మాట కలిపే మనిషి కావాలి. మన విద్యార్థినులలో ఇంటివద్ద చెల్లెండ్లను, తమ్ములను చంకనెత్తుకొని పెంచినవారు ఎందరో ఉన్నారు. ఫ్రోబెల్ పుస్తకంలోని సగం పాఠాలు వారికి ముందే తెలుసు.

ఈయన రచనాశైలి మాత్రం కొరుకుడు పడదు. బంతిలో విశ్వైక్యాన్ని, ఘనంలో విశ్రాంతి తత్త్వాన్ని దర్శించి పుటలకు పుటలు రాస్తాడు. అనంతర కాలంలో కొందరు శిష్యులు ఆ కానుకలనే కర్మకాండగా మార్చి, టీచరు చెప్పినప్పుడే ముక్క కదపాలని శాసించారు. ఆడుకోవడానికి ఇచ్చినది కవాతుగా మారింది. మంచి ఫలితాలూ లేకపోలేదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కొయ్యముక్కలను చూసి ఒక తల్లి తన కుమారునికి కొనిపెట్టింది. ఆ బాలుడు ఫ్రాంక్ లాయిడ్ రైట్. అమెరికాలో మహా వాస్తుశిల్పి అయిన తరువాత కూడ ఆ ముక్కల స్పర్శ తన వ్రేళ్లలో ఉన్నదని చెప్పుకున్నాడు.

చివరి యేండ్లలో ఫ్రోబెల్ లీబెన్‌స్టైన్ ప్రాంతంలో ఉండి యువతులకు శిక్షణనిచ్చాడు. పసిపిల్లలకు స్త్రీలు ఉపాధ్యాయులు కావాలని పట్టుబట్టడం ఆనాడు చిన్న సాహసం కాదు. పల్లెపిల్లలతో చేతులు పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆ వృద్ధుని ఊరివారు పిచ్చివాడన్నారు. 1849లో అక్కడికి వచ్చిన మారెన్‌హోల్ట్స్-బ్యూలో అనే సంపన్న మహిళ ఆ మాట విని, చూడబోయి, ఆయన శిష్యురాలైంది. తరువాత ఐరోపా అంతటా ఆయన పద్ధతిని ప్రచారం చేసినది ఆమెయే.

1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. అవి నాస్తికత్వాన్ని, సోషలిజాన్ని పెంచుతున్నాయని నేరం మోపింది. అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ రచనను ఈయనకు అంటగట్టిన పొరపాటు కూడ అందులో ఉన్నది. దైవభక్తి నిండిన వృద్ధుడు తాను ఆ రచయితను కానని విన్నవించుకున్నాడు. రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. ఫలితం లేకపోయింది. ఉన్నిబంతులను చూసి ఒక రాజ్యం భయపడడం వింతగానే ఉండవచ్చు. స్వయంగా ఆలోచించే బిడ్డ పెద్దవాడైతే ఏమవుతాడో పాలకులు సరిగానే ఊహించారేమో.

నిషేధం ఉండగానే 1852 జూన్ 21న మారియెన్‌థాల్‌లో ఫ్రోబెల్ మరణించాడు. ష్వైనా శ్మశానంలో ఆయన సమాధిపై ఘనం, దానిమీద స్తూపం, దానిమీద గోళం రాతితో నిలిపారు. నిషేధాన్ని 1860లో ఎత్తివేశారు. 1851లో ఆయన వివాహమాడిన శిష్యురాలు లూయిజె హాంబుర్గ్ నగరంలో కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయినులకు చాలాకాలం శిక్షణనిచ్చి, 1900లో కన్నుమూసింది.