మట్టి బలమును గణించిన కూలుంబ్

విద్యుదావేశముల నియమకర్తగా కూలుంబ్ పేరు ప్రతి విద్యార్థియు నెరుగును. ఆయన తొలి కృషి మట్టిని గూర్చినదని యెరిగినవారు తక్కువ.

ఛార్లెస్ అగస్టిన్ కూలుంబ్ 1736లో ఫ్రాన్సు దేశమందలి అంగులేం పట్టణమున జన్మించెను. మెజియేర్ నగరపు సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చదివి, 1764లో మార్టినిక్ దీవికి వెళ్లెను. అచట బుర్బన్ కోట నిర్మాణభారము ఆయనపై బడెను. ఎనిమిదేండ్ల ఆ శ్రమలో పలుమారులు జబ్బుపడి, ఆరోగ్యమును పోగొట్టుకొనెను. కాని అమూల్యమైన అనుభవమును గడించెను.

వెనుక నింపిన మట్టి గోడను ఎంత బలముతో నెట్టును? గోడ ఎంత మందముండవలెను? 1773లో పారిస్ విజ్ఞాన పరిషత్తునకు సమర్పించిన వ్యాసమున ఆయన దీనికి సమాధాన మొసగెను. మట్టి జారకుండ నిలుచుటకు కారణములు రెండు: రేణువులను పట్టియుంచు సంసక్తి, వాని నడుమ ఘర్షణ. సంసక్తి బలము జారు తలపు వైశాల్యమును బట్టియు, ఘర్షణ ఆ తలమును ఒత్తు బలమును బట్టియు పెరుగును. గోడ వెనుక త్రికోణాకారపు మట్టిభాగమొకటి ఏటవాలుగా జారజూచును. అట్టి త్రికోణములలో గోడను మిక్కిలిగా నెట్టుదానిని గణితముచే గుర్తించి, దానికి తగినట్లు గోడ కట్టవలెను.

విద్యున్నియమము వెలువడినది 1785లో. 1806లో ఆయన మరణించెను. మట్టిలోని నీటి పీడనమును మినహాయించి ఘర్షణను లెక్కింపవలెనని 20వ శతాబ్దమున టెర్జాగీ చూపెను. అయినను కూలుంబ్ చెప్పిన ఆ రెండు గుణములే నేటికిని పునాదుల గణనకు ఆధారములు.