మూడోసారికి మెట్రిక్ దాటిన భీమవరం కుర్రాడు

జూన్ నెల వచ్చిందంటే మన బరంపురంలో ఏ ఇంట్లో విన్నా నీట్ ర్యాంకు మాటే. ఎమ్‌కేసీజీలో సీటు వస్తుందా, బుర్లాకి పోవాలా, అసలు వస్తుందా రాదా! ఇప్పుడు మన దేశంలో ఎంబీబీఎస్ సీటుకి ఇంటర్వ్యూ లేదు, ర్యాంకు ఉంటే చాలు. కానీ లోపలికి వెళ్ళాక వైవాలు తప్పవు, చదువయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూలు తప్పవు. ఎదురుగా ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని చూస్తుంటే రాత్రంతా చదివిన జవాబు కూడా గొంతు దాటి రాదు. వాళ్ళు వద్దన్నారంటే మనం దేనికీ పనికిరామని మనకి మనమే రాసేసుకుంటాం. నీట్ రెండుసార్లు రాసి, సీటు రాక, మన డిగ్రీ క్లాసుల్లో వచ్చి కూర్చున్న అమ్మాయిలు ఉన్నారు కదా, వాళ్ళని తలుచుకునే ఈసారి గోడపత్రికకి యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం రాస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన బరంపురంలో వి.వి.గిరి గారు పుట్టింది అంతకు ఐదు నెలల ముందే. అప్పటికి గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఒడిశా రాష్ట్రం వేరుపడింది 1936లో. అంచేత అప్పట్లో పెద్ద చదువంటే ఇక్కడి పిల్లలకీ మద్రాసే, భీమవరం పిల్లలకీ మద్రాసే.

సుబ్బారావు చదువులో చురుకైన పిల్లాడేం కాదు, కనీసం మార్కుల లెక్కలో కాదు. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో పడేశారు. మెట్రిక్ తప్పాడు. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి మూడోసారికి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నాడు. అప్పుడూ తల్లే అడ్డుపడింది. కాశీ ప్రయాణం, సన్యాసం, ఈ రెండింట్లోనూ ఉన్నది పారిపోవాలన్న కోరికేనని నాకనిపిస్తుంది. వెంకమ్మ గారు పట్టుబట్టకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు కొంత సాయం చేస్తే చదువు సాగింది. మూర్తి గారి అమ్మాయి శేషగిరినే తర్వాత పెళ్ళి చేసుకున్నారు. అవి గాంధీగారి పిలుపుకి దేశమంతా కదిలిన రోజులు. సుబ్బారావు ఖద్దరు బట్టతో కుట్టించుకున్న గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా, చేతికొచ్చింది మాత్రం ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ కాగితం ఆయన్ని చాలాకాలం వెంటాడింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చూశారు, తీసుకోలేదు.

పెద్దవాళ్ళు వద్దన్నప్పుడు ఆయన ఏం చేశారన్నది చూడాలి. ఎదిరించి వాదించలేదు, వైద్యం వదిలేసి ఇంటికీ పోలేదు. ఆ తలుపు పక్కన ఏ చిన్న గుమ్మం తెరిచి ఉంటే అందులో దూరారు. ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పంతులుగా చేరారు. ఇంగ్లీషు వైద్యం చదివినవాడు ఆయుర్వేదం కాలేజీలో ఏంటని ఆ రోజుల్లో చిన్నచూపు ఉండే ఉంటుంది. అయితే లక్ష్మీపతి గారికీ ఆయనకీ పాత బంధం ఉంది. సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మనవాళ్ళు గ్రహణి అంటారే, అలాంటిది. అదే జబ్బు సుబ్బారావుకీ వస్తే లక్ష్మీపతి గారి మందుతోనే లేచి కూర్చున్నారు. ఆ జబ్బుకి మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పటినుంచే.

ఉష్ణమండల వ్యాధుల మీద చదవాలని అమెరికాలోని హార్వర్డ్‌కి రాశారు. చేర్చుకుంటామన్నారు గానీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాళ్ళు సాయం చేస్తామన్నారు, మామగారు కొంత పోగుచేశారు, ఇరవై ఏడెనిమిదేళ్ళ వయసులో ఓడ ఎక్కారు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. భర్త గొప్పవాడయ్యాడని పత్రికల్లో రాయడం తేలికే, ఆవిడ ఎదురుచూసిన ఏళ్ళ గురించి రాసేవాళ్ళే తక్కువ. అది కూడా ఈ కథలో భాగమేనని మన ఆడపిల్లల పత్రికలోనైనా ఒక మాట ఉండాలి.

బోస్టన్‌లో డాక్టరు కోటు వెంటనే దొరకలేదు. పూట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తి కడిగే పని చేశారు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్క్ గారి ల్యాబులో జీవరసాయనం మొదలుపెట్టారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగునుబట్టి కొలిచే పద్ధతి ఇచ్చారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే మన సైన్సు విభాగం అమ్మాయిలు ఇప్పటికీ గుర్తుపడతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. మనం మెట్లెక్కినా, కలం పట్టి రాసినా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీదే. మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనిషికి 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

అయినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన పదార్థాలు కొన్నింటిని, ఫిస్క్ అసూయవల్ల అవి వెలుగు చూడకపోబట్టి, ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ తర్వాతికాలంలో చెప్పారు. సుబ్బారావు తన గురించి తాను చెప్పుకోలేని మనిషి. పెద్దయ్యాక, పేరొచ్చాక కూడా ఆ గుణం పోలేదు. నలుగురి ముందు నిలబడి నేనింతవాణ్ణని ఒప్పించడమే పరీక్ష అయితే ఆయన ఎన్నిసార్లయినా తప్పేవారే. ఆ భయం పోయాక పని మొదలెడదామని మాత్రం ఆయన కూర్చోలేదు.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. ఇక ఎనిమిదేళ్ళలో వచ్చిన పని చూడండి. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని వేరుచేసి, ల్యాబులో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది. హైస్కూల్లో వారం వారం మన చేత మింగించిన నీలం రంగు బిళ్ళలో, గర్భిణీలకి ఆశా దీదీలు ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఇనుముతోపాటు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. దాన్ని కొద్దిగా మార్చి, దానికి ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్ చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి చూశారు. 1948లో ఆయన రాసిన పదహారుమందిలో పదిమందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటివరకు ఆ జబ్బుకి మందన్నదే లేదు. ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే.

మన గంజాం వాళ్ళకి ఇంకా దగ్గరి మందు ఒకటుంది. బోదకాలు, ఒడియావాళ్ళు గోదర అంటారు, ఈ సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో చూడనివాళ్ళుండరు. ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబెట్టి మింగించే బిళ్ళల్లో డి.ఇ.సి. ఒకటి. అది 1947లో సుబ్బారావు గారి బృందం హెట్రజాన్ పేరుతో తెచ్చిన మందే. అది మింగి తల తిరుగుతోందని మంచమెక్కేవాళ్ళలో, అది ఒక భీమవరం ఆయన ఇచ్చిందని ఎంతమందికి తెలుసు! ఆయన దగ్గరే పనిచేసిన డగ్గర్ అనే ముసలాయన మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. యాభైమూడేళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వతంత్రం వచ్చిన భారతదేశాన్నీ చూడలేదు. తర్వాత కొన్నేళ్ళకి లెడర్లీ శాస్త్రవేత్తలు కొత్తగా దొరికిన ఒక బూజుకి ఆయన గుర్తుగా సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మన దేశంలో ఆయన శతజయంతికి, 1995లో, తపాలా బిళ్ళ వేశారు.