ఆంధ్రకేసరి జీవితంలో ఒక లెక్క

మహనీయుల చరిత్రలను మనం సాధారణంగా భక్తితోనో, దోషదృష్టితోనో చదువుతాము. భక్తితో చదివితే లోపాలు కానరావు. దోషదృష్టితో చదివితే గుణాలు కానరావు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితాన్ని ఈ రెండు దృష్టులనూ విడిచి పరిశీలించవలసి ఉంటుంది. తన సర్వస్వాన్నీ ప్రజలకు ధారపోసిన ఆ త్యాగశీలియే, ప్రజలిచ్చిన ధనం విషయంలో తీవ్రవిమర్శకు గురికావడం ఇందుకు కారణం.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించారు. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలునిలోని చురుకుదనాన్ని గుర్తించి, రాజమహేంద్రవరం తీసుకువెళ్లి చదువు చెప్పించారు. అక్కడే ఆయన ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షులై, పిమ్మట ఇంగ్లండు వెళ్లి బారిస్టరై తిరిగివచ్చారు. 1907 నుండి మద్రాసు హైకోర్టులో ఆయన వకీలువృత్తి దేదీప్యమానంగా సాగింది. పూటకూళ్ల ఇంటి బాలుడు విశేష ధనార్జన చేసి భవనాలకు అధిపతి అయ్యాడు.

1921లో గాంధీజీ పిలుపునందుకొని ఆయన ఆ వృత్తిని తృణప్రాయంగా త్యజించారు. ఆ ఏడు అక్టోబరులోనే మద్రాసు నుండి స్వరాజ్య పత్రికను ప్రారంభించారు. జాతీయోద్యమ వాణిని వినిపించిన ఆ పత్రిక ఆయన ఆస్తినంతటినీ హరించివేసింది. ఆర్జించినది చాలక అప్పులు చేశారు. చివరకు పత్రిక నిలిచిపోయింది. ఋణభారం మాత్రం మిగిలింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంలో, మద్రాసులో తుపాకుల ఎదుట గుండె చూపి నిలిచిన సాహసం ఆయనకు ఆంధ్రకేసరి అన్న బిరుదును సార్థకం చేసింది. కాని సాహసం అప్పులు తీర్చలేదు.

1937లో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవిన్యూ మంత్రిగా పనిచేశారు. జమీందారీ రైతుల స్థితిగతులను విచారించిన సంఘానికి అధ్యక్షత వహించి, భూమి దున్నేవారి హక్కులను నిర్భయంగా సమర్థించారు. 1942 ఉద్యమంలో నిర్బంధితులై 1945లో విడుదలయ్యేనాటికి ఆయనకు డెబ్బది రెండేండ్లు. చేతిలో ధనం లేదు. ఆంధ్రదేశం ఆయనను ఊరూరా సన్మానించింది. నాటి వాడుకలో పర్సులనబడే నిధులను ప్రజలు ఆయనకు సమర్పించారు. వివాదమంతా వీటిని గురించియే.

ప్రజానాయకునికి సభాముఖంగా సమర్పించిన సొమ్ము ప్రజాకార్యానికే చెందుతుందని, అది వ్యక్తిగత అవసరాలకు వినియోగపడరాదని గాంధీజీ భావించారు. మన ఇళ్లలో నిత్యం వినిపించే మాటలో చెప్పాలంటే అది అమానతు. ప్రకాశంగారి వాదన వేరు. వృత్తినీ, ఆస్తినీ దేశానికి అర్పించిన తనను ఆదుకొనడానికే ప్రజలు స్వచ్ఛందంగా ఇచ్చారని, తనకిచ్చిన దానిని తాను వాడుకొనడంలో తప్పులేదని ఆయన తలంచారు. ఆయన ఏదీ దాచలేదు. అయితే దాచకపోవడం వేరు, ఇది దేనికి ఇచ్చినదని ముందుగానే నిర్ణయించి లెక్క చూపడం వేరు. ఆ రెండవ పని జరుగలేదు.

1946 ఎన్నికల అనంతరం మద్రాసు రాష్ట్ర నాయకత్వ సమస్య తలెత్తినప్పుడు ఈ నిధుల ప్రస్తావన ప్రత్యర్థులకు ఆయుధమైంది. కేంద్ర నాయకత్వం రాజాజీ వైపు మొగ్గింది. అయినా శాసనసభ్యులు ప్రకాశంగారినే ఎన్నుకొన్నారు. 1946 ఏప్రిల్ 30న ఆయన రాష్ట్ర ప్రధాని అయ్యారు. పదకొండు నెలలు తిరుగకముందే, 1947 మార్చిలో ఆ మంత్రివర్గం పడిపోయింది. ముఠాతగాదాలూ, మిల్లులకు బదులు ఖద్దరునే పెంచాలన్న ఆయన పట్టుదలా అందుకు తోడ్పడ్డాయి. పతనానికి నిధుల వివాదమొక్కటే కారణమనడం సరికాదు. కాని అధిష్ఠానం అండ అత్యవసరమైన వేళ ఆయన గాంధీజీ విశ్వాసానికి దూరమై ఉన్నారన్నది కాదనరాని సత్యం.

ప్రజలు మాత్రం ఆయనను విడువలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయనే ప్రథమ ముఖ్యమంత్రి. మద్యనిషేధ సమస్యపై 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వమూ కూలిపోయింది. 1957 మే 20న ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. అంతిమదినాల్లో ఆయన వద్ద సిరిసంపదలేవీ లేవు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టడం తెలుగువారు తమ ఋణం కొంత తీర్చుకొనడమే.

ఆ నిర్ధనత్వమే ఆయనకు లోభం లేదనడానికి సాక్ష్యం. ఇందులో సందేహానికి తావు లేదు. కాని లోభం లేకపోవడంతోనే నాయకుని బాధ్యత ముగుస్తుందా? నీతి అంతరంగానికి సంబంధించినది. దానిని భగవంతుడే ఎరుగును. లెక్క బహిరంగానికి సంబంధించినది. దానిని తోటివారికి చూపక తప్పదు. చేతికి ఎముక లేని దాతలే తరచు ఈ రెండవ దానిని ఉపేక్షిస్తారు. తాము ఇచ్చినదానికి లెక్క వ్రాయనివారు తీసుకొన్నదానికీ వ్రాయరు.

విద్యార్థులు రేపు సంఘాలకు కార్యదర్శులవుతారు, కోశాధికారులవుతారు. పాఠశాలకో, పేదల వైద్యానికో చందాలు వసూలు చేస్తారు. ఆనాడు ప్రకాశంగారి త్యాగాన్నీ, సాహసాన్నీ ఆదర్శంగా గైకొనవలసినదే. దానితోపాటు, అందిన ప్రతి రూపాయికీ రసీదు వ్రాసి, ఖర్చయిన ప్రతి రూపాయినీ పద్దులో చేర్చి, అడుగకముందే పదిమంది ఎదుట ఉంచాలి. అంతటి మహనీయుని కీర్తికి సైతం నీడ తెచ్చిన లోపం మనబోటి సామాన్యులను ఉపేక్షించదు.