గోలకొండ మా సాహెబా: హయాత్ బక్షీ బేగం

భద్రాచల రామదాసు కథ మనందరికీ తెలిసిందే. ఆయన్ని గోలకొండ చెరసాలలో పెట్టించిన తానీషా పేరు కూడా తెలుసు. ఆ తానీషా భార్యకు నాయనమ్మ ఎవరని అడిగితే మాత్రం మనలో చాలామందిమి చెప్పలేము. ఆమె పేరు హయాత్ బక్షీ బేగం. ఒక సుల్తానుకు కూతురు, ఒక సుల్తానుకు భార్య, ఇంకో సుల్తానుకు తల్లి. జనం ఆమెను మా సాహెబా అని పిలిచేవారు. అంటే అమ్మగారు అని.

ఆమె తండ్రి 1591లో హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా. తాత ఇబ్రహీం కుతుబ్ షా. మన తెలుగు కవులు మల్కిభరాముడని మెచ్చుకున్నది ఈ తాతనే. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కాబట్టి ఆ ఇంటికి తెలుగు కొత్త కాదు. ఆమె తల్లి భాగమతి అని ఒక కథ ఉంది గానీ, చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరు.

మహమ్మద్ కులీ తరువాత గద్దె ఎక్కడానికి కొడుకు లేడు. అందుకని 1607లో కూతుర్ని తన తమ్ముడి కొడుక్కిచ్చి పెళ్ళి చేశాడు. 1612లో ఆ అల్లుడే సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా అయ్యాడు. కూతురు గద్దె మీద కూర్చోకూడదు, కూతుర్ని కట్టుకున్నవాడు కూర్చోవచ్చు. ఆ కాలం పద్ధతి అది. 1626లో భర్త పోయాడు. కొడుకు అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్ళే. రాజ్యభారం తల్లి మీద పడింది. కొడుకు పెద్దవాడయ్యాక కూడా ఆమె మాటకు దర్బారులో విలువ తగ్గలేదు.

ఆ తల్లి మనసు ఎలాంటిదో చెప్పే కథ ఒకటి హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్నతనంలో అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి అతన్ని అడవిలోకి ఎత్తుకుపోయిందట. బిడ్డ క్షేమంగా వస్తే, ఏనుగు కాలి గొలుసంత బరువు బంగారు గొలుసు చేయించి దానం చేస్తానని ఆమె మొక్కుకుందట. బిడ్డ తిరిగొచ్చాడు, మొక్కు తీర్చింది. లంగర్ ఊరేగింపు అలా మొదలై నిజాముల కాలం దాకా సాగింది. బంగారం తవ్విన ఊరివాళ్ళం మనం. ఏనుగు గొలుసంత బంగారమంటే ఎంతో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా!

ఆమెకు అసలైన పరీక్ష 1656లో వచ్చింది. గోలకొండ మంత్రి మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంలో ఆరితేరినవాడు. గండికోట దాకా గెలిచి రాజుకన్నా ధనవంతుడయ్యాడు. రాజుకీ మంత్రికీ చెడింది. మంత్రి కొడుకుని అబ్దుల్లా ఖైదు చేయించాడు. దక్కనులో మొగలుల సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకి ఆ సాకు చాలింది. జనవరిలో అతని కొడుకు మహమ్మద్ సుల్తాన్ సైన్యంతో హైదరాబాదులోకి దిగాడు. ఊరంతా దోపిడీ అయింది. అబ్దుల్లా కోటలో దాక్కున్నాడు. కోట చుట్టూ ముట్టడి.

అప్పుడు అరవై దాటిన ఈ తల్లే కోట దాటి శత్రువు గుడారానికి వెళ్ళింది. కొడుకుని క్షమించమని అడిగింది. ఒక కోటి రూపాయలు ఇచ్చేటట్టు, అబ్దుల్లా కూతుర్ని మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చేసేటట్టు ఒప్పందమైంది. ఢిల్లీ నుంచి షాజహాన్ హుకుం కూడా రావడంతో మార్చి ఆఖరులో ముట్టడి ఎత్తేశారు.

రాజ్యం నిలిచింది. కానీ ఊరిని దోచినవాడికే మనవరాల్ని ఇవ్వాల్సి వచ్చింది. ఆ పిల్లని ఎవరైనా అడిగారా? చరిత్ర పుస్తకాలు ఆ మాటే ఎత్తవు. మా సాహెబాను పొగిడేటప్పుడు ఆ మనవరాల్ని కూడా తలుచుకోవడం న్యాయం. తండ్రి తనని ఎలా ఇచ్చాడో, ఆమె కూడా మనవరాల్ని అలాగే ఇచ్చింది. ఇంత పేరున్న ఆమె చేతిలో కూడా వేరే దారి లేకపోయింది.

1667లో ఆమె కన్నుమూసింది. కుతుబ్ షాహీ సమాధుల తోటలో సుల్తానుల సమాధులకు తీసిపోనంత పెద్ద సమాధి ఆమెది. పక్కనే ఆమె పేరు మీద మసీదు ఉంది. ఆమె పోయిన ఇరవై ఏళ్ళకు, 1687లో, గోలకొండ ఔరంగజేబు వశమైంది. ఆ సారి అడ్డుపడడానికి ఆమె లేదు.

రాజ్యం పోయినా పేరు పోలేదు. విజయవాడ రోడ్డు మీదున్న హయత్‌నగర్ ఆమె పేరే. అక్కడ మసీదు, బాటసారులకు సరాయి గదులు, ఏనుగులతో నీళ్ళు తోడించిన పెద్ద బావి ఉన్నాయి. మాసాబ్ ట్యాంక్ అంటే మా సాహెబా చెరువే. చెరువు లేదు, పేరు నోళ్ళలో నలిగి అరిగిపోయింది. రోజూ బస్సులో ఆ పేరు చెప్పి టికెట్టు తీసుకునేవాళ్ళలో అది ఒక అమ్మ పేరని ఎందరికి తెలుసు?

ఆ రోజుల్లో మన కోలారు బీజాపూరు కింద షాజీ జాగీరు. తరువాత గనులొచ్చాయి, దొరలొచ్చారు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అని వాళ్ళ పేర్లు మిగిలాయి. మన చుట్టుపక్కల వీధుల్లో, బావుల్లో, చెరువుల్లో ఆడవాళ్ళ పేరున్నవి ఎన్ని? ఈ సెలవుల్లో ఇంట్లో అవ్వల్ని అడిగి చూడండి. తెలిసింది రాసి ఇస్తే వచ్చే సంచికలో ఇదే గోడ మీద పెడదాం.