ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య, చీరాల వలస

చీరాలకు కొలది మైళ్ల దూరమున, సముద్రపుటొడ్డున, మోటుపల్లి యను చిన్న గ్రామమున్నది. కాకతీయుల కాలమున అది పేరుమోసిన రేవు. 1244వ సంవత్సరమున గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక శాసనము వేయించి, దేశాంతరముల నుండి వచ్చు ఓడవర్తకులకు అభయమొసగెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొమ్మును పూర్వరాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. తానట్లు చేయననియు, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే పుచ్చుకొందుననియు ఆ చక్రవర్తి ప్రకటించెను. పాలకుడు తన పన్నునకు తానే హద్దు గీసికొని దానిని రాతిమీద చెక్కించిన తీరమది. సుమారు 680 ఏండ్ల పిమ్మట ఆ తీరముననే, పన్ను మాటమీదనే, ఒక పట్టణములోని జనులు ఇండ్లకు తాళములు వేసి ఊరు విడిచిపోయిరి. వారిని నడిపించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించెను. తల్లి సీతమ్మ బిడ్డ పుట్టిన మూడవనాడే కన్నుమూసెను. తండ్రి కోదండరామస్వామి మూడేండ్లకు పోయెను. తలిదండ్రుల మొగమెరుగని ఆ బాలుడు గుంటూరు మండలములోని కూచినపూడిలో బంధువుల పోషణమున పెరిగెను. చదువు సాఫీగా సాగలేదు. పాఠపుస్తకములకంటె పాటల మీదను, నాటకముల మీదను మక్కువ యెక్కువ. పరీక్షలలో తప్పుటయు, కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా కూర్చుండుటయు జరిగినవి. కచేరీ కాగితముల నడుమ ఆయన జీవితము ముగిసియుండినచో ఆశ్చర్యపడవలసినది లేకుండెను. కాని నడింపల్లి నరసింహారావను మిత్రునితో కూడి ఓడయెక్కి స్కాట్లండునకు పోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం. ఏ. పట్టము పుచ్చుకొనెను.

సీమకు పోయి పట్టము తెచ్చుకొన్నవారు ఆనాడు పెక్కుమంది. అక్కడ నుండి భరతనాట్యశాస్త్రము తెచ్చుకొన్నవారు అరుదు. కళాతత్త్వవేత్త ఆనంద కుమారస్వామితో గోపాలకృష్ణయ్యకు చెలిమి కలిగెను. ఇరువురును కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము వారి ముద్రణగా వెలువడెను. నాట్యమనగా పెద్దమనుష్యులు మొగము చిట్లించుకొను ఆ దినములలో ఒక తెలుగు యువకుడు హస్తముద్రల లక్షణములను పాశ్చాత్య పండితుల బల్లమీద పెట్టెననుట చిన్న సంగతి కాదు. రాజకీయమునకు దీనితో సంబంధమేమని తోచవచ్చును. ఆయన రాజకీయమంతయు దీనిలోనే యున్నది. జనసమూహమును ఉపన్యాసముతో గాక ఆటతో, పాటతో, వేషముతో కదిలించవలెనని ఆయన గుర్తించెను.

స్వదేశమునకు వచ్చి కొన్నాళ్లు రాజమహేంద్రవరమున అధ్యాపకుడుగాను, తరువాత బందరు జాతీయ కళాశాలలోను పనిచేసెను. రెండుచోట్లను నిలువలేదు. ఒకరి క్రింద ఒదిగియుండుట ఆయన స్వభావమున లేదు. ఈ గుణము ఆయనకు మేలెంత చేసెనో కీడును అంతయే చేసెను. తుదకు చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠగోష్ఠి యను సంస్థను నెలకొల్పెను. పల్లెలలో అణగారియున్న కళలను, తెలుగు విద్యలను ఉద్ధరించుట దాని ఆశయము. ఆ ఆశయముతో వచ్చినవానికి చీరాల వేరొక పని చూపెను.

చీరాల, పేరాల ఒకదాని నొకటి ఆనుకొనియున్న ఊళ్లు. నాడు గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోనివి. జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిపి వీనిని చీరాల యూనియనుగా ఏర్పరచిరి. సముద్రము దగ్గరనే యున్నది. అక్కడి పల్లెను నేటికిని వాడరేవనియే పిలుతురు. పెద్ద ఓడలు ఆగిన కాలము పోయినను పేరు పోలేదు. జనులలో పెక్కుమంది నేతపనివారు, తక్కినవారు చిన్న రైతులు, చిల్లర వర్తకులు. అక్కడి మగ్గములమీద నేసిన రుమాళ్లు అరబ్బు దేశములదాక పోవుచుండెడివి. సరకు సముద్రము దాటినను నేసినవాని యింట రెండుపూటల అన్నము నిలకడగా ఉండెడిది కాదు.

1919లో మద్రాసు ప్రభుత్వము ఈ యూనియనును మునిసిపాలిటీగా మార్చెను. యూనియనుగా ఉన్నప్పుడు ఏటికి సుమారు 4,000 రూపాయలు పన్ను వసూలగుచుండెను. మునిసిపాలిటీ యైన పిమ్మట అది 40,000 రూపాయలకు చేరునని జనుల లెక్క. పదింతలు! వీధిదీపములు, మురుగుకాలువలు, మంచినీరు, పారిశుద్ధ్యము రాగలవని ప్రభుత్వపక్షమువారి వాదము. ఆ వాదమున నిజము లేకపోలేదు. పట్టణము పెరిగినకొలది దాని మురికియు పెరుగును, దానిని ఎత్తివేయుటకు డబ్బు కావలెను. పన్ను కట్టుటకు ఇష్టములేక చీరాలవారు స్వరాజ్యపు ముసుగు వేసికొనిరని ఆనాడు వెక్కిరించినవారును కలరు. కాని జనుల వాదములోని కీలకము డబ్బు ఒక్కటియే కాదు. తమకు మునిసిపాలిటీ వలదని వారు మహజర్లు పంపిరి. అది స్థానిక స్వపరిపాలనకై ఏర్పడిన సంస్థ. ఏ స్థలములోని జనులు తమను తాము పాలించుకొనవలెనో ఆ జనులే వలదనుచున్నారు. అయినను ప్రభుత్వము పెట్టితీరెదననెను. స్వపరిపాలనను బలవంతముగా నెత్తిన రుద్దుట ఎట్టి స్వపరిపాలనమని గోపాలకృష్ణయ్య అడిగిన ప్రశ్నకు సమాధానము రాలేదు.

ఆనాడు ఈ శాఖ తెల్లదొరల చేతిలో లేదు. మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణల ననుసరించి స్థానిక స్వపరిపాలనము భారతీయ మంత్రుల అధీనమునకు వచ్చెను. 1920 డిసెంబరు నుండి ఆ శాఖకు మంత్రి జస్టిసుపార్టీ నాయకుడైన పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజా. 1921 జూలైలో ఆయనయే ప్రధానమంత్రి యయ్యెను. దేవాలయముల వ్యవహారములలోను, వెనుకబడిన కులములవారి ఉద్యోగముల విషయములోను ఆయన చేసిన మేలు చరిత్రకెక్కినది. చీరాల విషయమున మాత్రము మెత్తబడలేదు. మునిసిపలు కౌన్సిలర్లలో ఒక్కరు తప్ప తక్కినవారు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతగాడైన అధికారిని అధ్యక్షుడుగా నియమించి పన్నుల వసూలు సాగించెను. జనులు కట్టలేదు. పండ్రెండుగురిపై అభియోగములు తెచ్చి చెఱసాలకు పంపిరి. వారిలో రావూరి అలమేలుమంగతాయారమ్మ యను స్త్రీ యుండెను. ఇల్లాలు పన్ను కట్టక జైలునకు పోవుట ఆనాటి ఆంధ్రదేశమున కనివిని యెరుగని సంగతి.

ఆ రోజులలోనే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో జరిగిన ఆ సభకు జనము వరదవలె వచ్చిరి. వారిని అదుపులో ఉంచుటకు గోపాలకృష్ణయ్య తన రామదండును దింపెను. కాషాయవస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నొసట సిందూరము ధరించిన దాదాపు వేయిమంది వాలంటీర్ల సేన అది. రామాయణములోని వానరసేన పేరు పెట్టుటలో చమత్కారమున్నది. చదువురాని వానికిని ఆ పేరు వినగానే తన పని యేమో తెలియును. నాయకుడు శ్రీరాముని బంటు, సైనికులు బంటునకు బంటులు. ఇక ఉపన్యాసమెందుకు?

ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ చీరాలకు వచ్చెను. జనుల గోడు విని రెండు మార్గములు చూపెను. పన్ను కట్టక, ప్రభుత్వము పెట్టు బాధలన్నిటిని శాంతముగా సహించుట మొదటిది. మునిసిపలు హద్దులు దాటిపోయి వెలుపల కాపురముండుట రెండవది. ఏది చేసినను తమ బలముమీద చేయవలసినదేగాని కాంగ్రెసు ధనసహాయముమీద ఆశ పెట్టుకొనరాదని హెచ్చరించెను. గోపాలకృష్ణయ్య రెండవదానిని ఎన్నుకొనెను. మునిసిపాలిటీ యనగా హద్దులలోని ఇండ్లు, మనుష్యులు. మనుష్యులు వెలుపలికి పోయిన పిమ్మట లోపల మిగులునవి గోడలు. గోడలపై అధికారము చెలాయించుకొనుడని చెప్పుటకు ఇంతకంటె గట్టి మార్గములేదు.

ఏప్రిల్ చివర, మండుటెండలలో, వలస ప్రారంభమయ్యెను. 15,000 పైచిలుకు జనాభాలో 13,000 మందికి పైగా ఊరు విడిచిరని లెక్క. బండ్లమీద సామాను, చంకలో బిడ్డ, పలుపు పట్టుకొని పశువు. కలిగినవారును లేనివారును ఒకే దారిని నడచిరి. పొలిమేర వెలుపల తాటాకు పాకలు లేచినవి. పాక పడనివారు చెట్లక్రింద పండుకొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టిరి.

రామనగరము శరణార్థుల గుడారముల వరుస కాదు. గోపాలకృష్ణయ్య అక్కడ ఒక ప్రభుత్వము నడపెను. అన్ని కులములవారి ప్రతినిధులతో సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు పంచాయతి న్యాయస్థానముండెను. కాపలాకు రామదండు ఉండెను. సాయంకాలము భజనలు, హరికథలు, పాటలు. తాను చదువుకొన్న అర్థశాస్త్రము, తాను ప్రేమించిన జానపద కళ, తనకు పుట్టుకతో వచ్చిన హాస్యము అన్నియు ఆ పాకల నడుమ ఆయనకు పనికి వచ్చినవి. వారము తిరుగక ముందే జనులు మరలి వత్తురని తలచినవారికి పదకొండు నెలలు ఎదురుచూడవలసి వచ్చెను.

ఆ పదకొండు నెలల కష్టమును తెలిసికొనుటకు మగ్గమును తలచుకొనవలెను. గుంటమగ్గమును బండిమీద వేసికొని పోవుటకు వీలులేదు. నేలలో గుంట త్రవ్వి, కాళ్లు అందులో ఉంచుకొని, తొక్కుడుకర్రలు త్రొక్కుచు నేయవలెను. పైన కురవని కప్పు కావలెను. పడుగు సాగదీసి గంజి పట్టించుటకు పొడుగైన వీధి కావలెను, ఎండ కావలెను. తాటాకు పాకలో వానకు గుంట నీటితో నిండినచో ఆ దినపు కూలి పోయినట్లే. నూలు అప్పు పెట్టు షావుకారు తొందరపెట్టును. రైతునకు పంట ఇంటికి వచ్చువరకు ఓపిక యుండవచ్చును. నేతవానికి సంతనాటికి గుడ్డ కావలెను. ప్రభుత్వము చేయవలసినదల్లా ఊరకుండుట. ఆకలి తన పని తాను చేయును.

ఇంతమందిని పోషించుటకు ధనము కావలెను. నిధులకై గోపాలకృష్ణయ్య ఊరూర తిరిగెను. ఆ పర్యటనములోనే 1921 అక్టోబరులో గంజాము మండలములోని బరంపురమునకు పోయెను. అక్కడ ఉపన్యసింపరాదని అధికారులు నిషేధాజ్ఞ యిచ్చిరి. ఆయన దానిని ధిక్కరించి అరెస్టయ్యెను. ఒక ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలునకు పంపిరి. ఆజ్ఞను మన్నించి చీరాలకు మరలినచో రామనగరము మరికొన్నాళ్లు నిలిచియుండెడిదేమో. బరంపురములోని ఒక్క ఉపన్యాసముకంటె చీరాలలోని పదమూడువేల కుటుంబజీవులు ఎక్కువ కాదా యని ఎవరైనను అడుగవచ్చును. తాళవలసినచోట తాళుట ఆయనకు చేతగాదు. అది చేతనైనవాడై యుండినచో బందరు కళాశాలలోనే సుఖముగా పాఠములు చెప్పుకొనుచుండెడివాడు, రామనగరము పుట్టియే యుండదు.

నాయకుడు లేని రామనగరము మెల్లగా సడలెను. సభ యుండెను, పంచాయతి యుండెను, కాని వానికి ఊపిరియైనవాడు కావేరీ తీరమున కటకటాల వెనుక నుండెను. తన స్థానమున నిలువగల రెండవవానిని ఆయన తయారుచేయలేదు. ఈ లోపము ఆయనదే. 1922 ఆరంభమున గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణోద్యమము సాగించుచుండిరి. ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన జరుగగా గాంధీజీ దేశమంతట శాసనోల్లంఘనమును ఆపివేసెను. దేశమే ఆగినప్పుడు ఒక పట్టణము ఎన్నాళ్లు నిలుచును? పాకలు ఒక్కొక్కటిగా ఖాళీయయ్యెను. జనులు తమ ఇండ్ల తాళములు తీసికొని లోపలికి పోయి, మునిసిపాలిటీకి లొంగిరి.

శిక్ష ముగించుకొని వచ్చిన గోపాలకృష్ణయ్యకు రామనగరము కనబడలేదు. తనను నమ్మి వెడలినవారు తాను లేనప్పుడు మరలిపోయిరి. ఆయన తిరిగి గోష్ఠి పనిలోను, కాంగ్రెసు పనిలోను పడెను. ప్రజలాయనను ఆంధ్రరత్నమని పిలుచుచుండిరి. సభలలో ఆయన హాస్యమునకు జనము ఘొల్లున నవ్వుచుండిరి. ఇంట మాత్రము దారిద్ర్యము. ఉన్న ఆస్తి చాలవరకు చదువునకు, ఉద్యమమునకు కరగిపోయెను. దానికి తోడు క్షయరోగము పట్టెను. చికిత్సకు డబ్బు చాలక, పనిని మానలేక, 1928 జూన్ 10వ తేదీన మరణించెను. ఎనిమిది దినముల క్రిందటనే ఆయనకు ముప్పదితొమ్మిదేండ్లు నిండెను.