రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు

యాదగిరి నృసింహస్వామిని సేవించుటకై వచ్చు భక్తులు వేలకొలదిగా నున్నను, ఆ క్షేత్రమునకు దక్షిణముగా నున్న రాచకొండ వైపు మరలువారు మిక్కిలి అరుదు. గుట్టల నడుమ కోట గోడలతో, శిథిలాలయములతో నిలిచియున్న ఆ స్థలము 2016వ సంవత్సరము వరకు నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. సంస్కృత కవులు దానిని రాజాచలమనిరి. ఆరు వందల యేండ్లకు పూర్వము అచ్చట ప్రసన్నగోపాలునకు వసంతోత్సవము జరుగుచుండెను. ఆ యుత్సవమున ప్రదర్శించుటకై స్వయముగా నాటికను రచించిన ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు.

ఈయన పద్మనాయక వంశీయుడు, రేచర్ల గోత్రుడు. ఆ గోత్రనామమును గూర్చి వంశచరిత్రలు ఒక విచిత్రమైన కథను చెప్పుచున్నవి. వంశమూలపురుషునకు నల్లగొండ సీమలోని ఆమనగల్లు ప్రాంతమున మఱ్ఱిచెట్టు క్రింద నిక్షేపము కనబడినదట. దానిని కాచుచున్న భూతము నరబలిని కోరగా, ఆ యింటి సేవకుడైన రేచడు తానే బలియగుటకు ముందునకు వచ్చెను. తన పేరు యజమానుల వంశమున శాశ్వతముగా నిలువవలెననియు, వారి శుభకార్యములలో తనవారికి మన్నన జరుగవలెననియు మాత్రమే అతడు కోరెనట. కథలోని భూతమును నమ్మినను నమ్మకపోయినను, ఏలికల గోత్రమునకు ఒక సేవకుని పేరే నిలిచినదను మాట ఆ వంశమువారు దాచుకొనక తరతరములుగా చెప్పుకొనినది. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో 1202లో నామేశ్వరాలయమును కట్టించిన నామిరెడ్డియు, 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించిన ఎఱకసానమ్మయు రేచర్లవారే యైనను, వారు కాకతీయుల నాటి రెడ్డి కుటుంబమువారు. ఈ రెండు వంశములను ఒకటిగా తలచువారు కలరు, అది సరికాదు.

సింగభూపాలుని తాత మొదటి సింగమనాయకుడు 1361లో జల్లిపల్లి కోటను ముట్టడించి యుండగా శత్రువుల ద్రోహమునకు బలియయ్యెను. ఆయన కుమారులు అనపోతానాయకుడు, మాదానాయకుడు తండ్రిని చంపించిన వారిపై పగ తీర్చుకొని రాజ్యమును విస్తరింపజేసిరి. అనపోతానాయకుడు రాచకొండను రాజధానిగా చేసికొనగా, మాదానాయకుడు దేవరకొండనుండి పాలించెను. పరాక్రమవంతులైన ఈ అన్నదమ్ములు శివభక్తిపరులు కూడను. 1369 నాటి అనపోతానాయకుని శాసనము ఓరుగంటి చెంతనున్న ఐనవోలు మైలారదేవుని సన్నిధిలో కలదు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరమున కొండనెక్కు భక్తులకై మాదానాయకుడు సోపానములు కట్టించినట్లు 1376 నాటి శాసనము చెప్పుచున్నది. నిన్నమొన్నటి వరకు మహబూబునగరు జిల్లాలో నుండి, ఇప్పుడు నాగరుకర్నూలు జిల్లాలో చేరిన ఆ క్షేత్రమునకు నేటికిని యాత్రికులు పోవుచునే యున్నారు.

ఇట్టి యింట పుట్టిన సింగభూపాలుడు శ్రీవైష్ణవమునందు శ్రద్ధ వహించుటయే ఆయన జీవితమున మనము ముఖ్యముగా పరిశీలింపదగిన విషయము.

శ్రీవైష్ణవ గురుపరంపరా గ్రంథములు సర్వజ్ఞ సింగప్పనాయకుడను ఆంధ్రప్రభువును పేర్కొనుచున్నవి. ఆయన శ్రీరంగముననున్న వేదాంతదేశికుల కీర్తిని విని, తమ సిద్ధాంతమును తనకు బోధింపుమని శ్రీవైష్ణవులను పంపి ప్రార్థించెనట. ఆ ప్రభువు ఈ రాచకొండ సింగభూపాలుడేయని చరిత్రకారులు పలువురు తలచిరి. సంప్రదాయము ప్రకారము దేశికుల జీవితకాలము 1268 మొదలు 1369 వరకు. సింగభూపాలుడు సింహాసనమెక్కినది 1384 ప్రాంతమున. కావున ఆ ప్రార్థన జరిగి యుండినచో, అది తండ్రి పాలించుచుండగా, ఆయన ఇంకను రాజకుమారుడై యున్ననాటి మాట కావలెను.

దేశికులు రాజాశ్రయమును కోరినవారు కారు. విజయనగర ఆస్థానమునకు రమ్మని విద్యారణ్యులు ఆహ్వానించినప్పుడు, ధనమునందు తమకు ఆశ లేదని వైరాగ్యపంచకముగా సమాధానమంపిరని ప్రతీతి. ఉంఛవృత్తితో జీవించిన ఆ మహనీయులు తెలుగు రాజకుమారుని ప్రార్థనను మాత్రము త్రోసిపుచ్చలేదు. ధనమిత్తునని పిలుచుట వేఱు, తత్త్వము తెలుపుమని అడుగుట వేఱు. తత్త్వసందేశము, రహస్యసందేశము మున్నగు చిన్న గ్రంథములను, వానితోపాటు సుభాషితనీవియను నీతికావ్యమును ఆయన కొరకు రచించి పంపిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు అను తత్త్వత్రయమును, తిరుమంత్రము, ద్వయము, చరమశ్లోకము అను రహస్యత్రయమును గ్రహించుటకు ఇవి దారిచూపునట్టివి.

సింగభూపాలుడు ద్విజుడు కాడు. తన వర్ణమును గూర్చి తన గ్రంథమున ఆయనయే చెప్పుకొనెను: అది శ్రీమహావిష్ణువు పాదపద్మమునుండి జనించినదనియు, ఆ పాదముననే పుట్టిన గంగకు తోబుట్టువనియు. అట్టివానికి రహస్యార్థములను వ్రాసి పంపుట ఆ కాలమున సామాన్యమైన విషయము కాదు. అయినను శరణాగతికి జాతినియమము లేదని భగవద్రామానుజుల నాటినుండి చెప్పుచు వచ్చిన సంప్రదాయమునకు ఇది అనుగుణమే.

సుభాషితనీవిని గూర్చి మరియొక మాట. అందు పండ్రెండు పద్ధతులు కలవు. తెలివిలేనివారు, గర్వితులు, ఖలులు, దుర్వృత్తులు మొదటి నాలుగింట వర్ణింపబడగా, అయిదవది అసేవ్యపద్ధతి. అనగా సేవింపదగని ప్రభువులను గూర్చినది. పిదప మహాపురుషులు, సమచిత్తులు, నీతిమంతులు, దాతలు, సుకవులు మున్నగువారు వత్తురు. ఒక ఏలికకు పంపు గ్రంథమున సేవింపదగని ఏలికల లక్షణములను చేర్చుట దేశికుల నిర్భీకతకు తార్కాణము. దానిని తలదాల్చి స్వీకరించుట ఆ ప్రభువు వినయమునకు తార్కాణము కావచ్చును.

దేశికుల కుమారులు నయినాచార్యులు పిదప రాచకొండ సభకు విచ్చేసి, శాకల్యమల్లుడను పండితుని వాదమున జయించిరనియు సంప్రదాయమున వినవచ్చుచున్నది.

సింగభూపాలుని నాటిక పేరు కువలయావళి. రత్నపాంచాలికయనియు దానిని పిలుతురు. నాలుగంకముల ఈ కృతికి నాయకుడు ద్వారకాధీశుడు శ్రీకృష్ణుడు. నారదుడు ఒక కన్యను రుక్మిణీదేవి కడ న్యాసముగా ఉంచి పోవును. ఆమె వ్రేలి యుంగరము మహిమచేత పురుషుల కన్నులకు రత్నములతో చేసిన బొమ్మవలె మాత్రమే అగపడును. ఉంగరము జారినప్పుడు స్వామికి ఆమె నిజరూపము గోచరించును. దానవుడొకడు ఆమెను అపహరింపగా స్వామి విడిపించి తెచ్చును; తుదకు రుక్మిణి తానే ఆమెను స్వామికి సమర్పించును. ఆ కన్య సాక్షాత్తు భూదేవి. శ్రీదేవి అవతారమైన రుక్మిణి భూదేవిని స్వామికి చేర్చినదనుటలో, శ్రీభూసమేతుడై వెలయు మూర్తిని నిత్యము సేవించు వైష్ణవ గృహస్థునకు వేఱు వ్యాఖ్యానము అక్కరలేదు. శృంగార నాటికగా చదువువారికి శృంగారమే కనబడును. ప్రసన్నగోపాలుని తిరునాళ్ల వేళ చూచినవారికి అది ఆరాధనముగా తోచియుండును. నృత్తగీతవాద్యములు దేవునకు చేయు ఉపచారములలోనివని ఆగమములు చెప్పుచున్నవి కదా! దేవునకు మాన్యములిచ్చిన రాజులు పెక్కుమంది. ఉత్సవమునకు నాటికను వ్రాసి యిచ్చినవారు బహుకొద్దిమంది.

ఆయన అలంకారశాస్త్ర గ్రంథము రసార్ణవసుధాకరము మూడు విలాసములుగా నున్నది. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు వ్యాఖ్యయైన సంగీతసుధాకరము మరియొకటి. ఆయన సభయందలి విశ్వేశ్వరకవి చమత్కారచంద్రికలో ఉదాహరణ శ్లోకములన్నిట తన ప్రభువునే కీర్తించెను. సర్వజ్ఞుడను బిరుదు ఊరక వచ్చినది కాదు.

యుద్ధములను గూర్చి విస్తరింపనక్కరలేదు. కొండవీటి రెడ్లతోను, విజయనగరముతోను రాచకొండవారికి వైరము; బహమనీ సుల్తానులతో మైత్రి. విష్ణుభక్తుడైన రాజు హరిహరరాయల పక్షమున నిలువక సుల్తానులతో చేరెనా యని ఆశ్చర్యపడువారుందురు. ఆనాటి రాజ్యనీతి కృష్ణాతీరపు కోటలకై సాగినది. దేవాలయమున చేసిన శరణాగతి దానిని నడపలేదు.

పోతనామాత్యుని భాగవతమును తనకు అంకితమిమ్మని పీడించి, ఆయన నిరాకరింపగా గ్రంథమును పాతిపెట్టించెనని ప్రసిద్ధమైన కథలోని సర్వజ్ఞ సింగభూపాలుడు ఈయన కాడు. ఆ కథ నిజమైనను కాకున్నను, అది ఈయనకు తరువాతి తరములలోని రావు సింగమనాయకునకు సంబంధించినది. పేరును బిరుదును ఒకటియగుటచేత, ప్రసన్నగోపాలుని సేవించిన తాత భాగవతద్రోహియను నిందను మోయవలసి వచ్చినది. హరికథలలో ఈ పొరపాటు నేటికిని వినబడుచుండును.

1399 ప్రాంతమున సింగభూపాలుని పాలన ముగిసెను. ఆయన కుమారులలో అనపోతానాయకుడు, పిదప రావు మాధవనాయకుడు పాలించిరి. మాధవుడు శ్రీమద్రామాయణమునకు రాఘవీయమను వ్యాఖ్యను రచించెను; తండ్రి కృష్ణకథతో ఆరంభించిన సేవను కుమారుడు రామకథతో కొనసాగించెననవచ్చును. మాధవుని రాణి నాగాంబిక 1429లో రాచకొండ చెంత నాగసముద్రమను చెరువును త్రవ్వించెను. కొలది యేండ్లకే ఆ దుర్గము బహమనీల వశమయ్యెను.

రసార్ణవసుధాకరము 1916లో దూరముననున్న తిరువాంకూరు సంస్థానమున, అనంతశయన సంస్కృత గ్రంథావళిలో అచ్చయినది. సుభాషితనీవిని శ్రీవైష్ణవ గృహములలో నేటికిని పఠించుచున్నారు.